ఇంట్లో ధూళి: ఏది శుభ్రత, ఏది హాని?

మొన్నామధ్య ఒక ఇంటివారు దుఆ కోసం పిలిస్తే వెళ్ళాము. ఇల్లు పెద్ద రోడ్డును ఆనుకొని ఉంది. వరండాలో కూర్చున్న పెద్దావిడ మమ్మల్ని చూడగానే, "మౌల్వీ సాబ్, దుమ్మున్న ఇంట్లోకి ఫరిష్తాలు రారు కదా? మా కోడలికి మీరైనా చెప్పండి. రెండు పూటలా ఊడ్చమంటే డాక్టరు వద్దన్నాడంటోంది" అన్నారు. లోపలి గదిలోంచి దగ్గు వినబడుతూనే ఉంది. ఆ కోడలికి ఉబ్బసం. ఊడిస్తే ఆయాసం వస్తుంది, ఊడ్చకపోతే మాట పడాలి.

ఆ పూట రెండు ముక్కలు చెప్పి వచ్చాము. కాని ఈ తగవు ఆ ఒక్క ఇంటిదే కాదు గనుక ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాము.

ముందు షరీఅత్ మాట. ధూళి వేరు, నజాసత్ (అశుద్ధం) వేరు. నీళ్ళు దొరకనప్పుడు పరిశుభ్రమైన మట్టితో తయమ్ముం చేసుకోమని దివ్య ఖుర్ఆన్‌లోని నిసా, మాయిదా సూరాలలో ఆదేశం ఉంది. మట్టి స్వతహాగా అశుద్ధమే అయితే దానితో శుద్ధి ఎలా కలుగుతుంది? గుడ్డకు పట్టిన ధూళితో కూడా తయమ్ముం చెల్లుతుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయపడ్డారు. కాబట్టి జానమాజ్ మీద పలుచగా దుమ్ము ఉన్నంత మాత్రాన నమాజు చెడిపోదు. కోడిరెట్ట వంటిది కంటికి కనిపిస్తే కడగాలి. అది వేరే సంగతి.

ఇక ఫరిష్తాల మాట. కుక్క, ప్రాణుల బొమ్మలు ఉన్న ఇంట్లోకి దైవదూతలు రారని ప్రామాణిక హదీసులలో ఉంది. ఆ హదీసులలో దుమ్ము ప్రస్తావన లేదు. అలాగే మగ్రిబ్ తరువాత ఊడిస్తే బర్కత్ పోతుందని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఇరుగుపొరుగు నుంచి వచ్చిందే తప్ప దానికి షరీఅత్‌లో ఆధారం లేదు. తీరిక ఎప్పుడు ఉంటే అప్పుడే శుభ్రం చేసుకోవచ్చు.

అలాగని దుమ్మును వదిలేయమని మేము అనడం లేదు. మస్జిదె నబవీని ఊడ్చే ఒక స్త్రీ మరణిస్తే, ఆ విషయం తమకెందుకు తెలుపలేదని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అడిగి, ఆమె సమాధి దగ్గరకు వెళ్ళి జనాజా నమాజు చేశారు. ఊడ్చే పనికి ఇస్లాంలో ఉన్న గౌరవం అది. అయితే తనకు గాని, ఇతరులకు గాని హాని చేయరాదన్నది కూడా ప్రవక్త (స) బోధనే. ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఇల్లు శుభ్రం కావాలి, ఆ శుభ్రత ఎవరి ఊపిరినీ తీయకూడదు.

ఇది ఎలా కుదురుతుందంటే, దుమ్మును లేపకుండా పట్టుకోవడం వల్ల. హజ్రత్ అమ్మార్ (రజి)కు తయమ్ముం నేర్పేటప్పుడు ప్రవక్త (స) చేతులు నేలకు తట్టి, అంటిన మట్టిని ఊది పోగొట్టిన తరువాతనే ముఖం తుడుచుకొని చూపారు. శుద్ధినిచ్చే మట్టినే ముఖానికి పులుముకోనప్పుడు, వట్టి దుమ్మును ఊపిరితిత్తుల్లోకి పంపుకోవడం దేనికి?

ఇంట్లో చేరే ధూళి ఏమిటో చూడండి. చెప్పులతో, గాలితో వచ్చే మట్టి, బట్టల నుంచి రాలే నూగు, మన ఒంటి నుంచి నిత్యం రాలే చర్మపు పొట్టు, పొయ్యి మసి, బొద్దింకల వంటి పురుగుల అవశేషాలు. ఆ చర్మపు పొట్టును తిని బతికే సూక్ష్మమైన పురుగులు పరుపుల్లో, దిండ్లలో ఉంటాయి. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండవు. చాలామందికి ఉబ్బసాన్ని రేపేది వీటి మలమే. పొడి నేల మీద చీపురు విసిరినప్పుడు పెద్ద రేణువులు నిమిషాల్లో కిందికి దిగుతాయి. కంటికి కనబడని సన్నటివి గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. నేల శుభ్రమైందని మనం సంతోషించే సమయానికి ఆ దుమ్ము గాలిలో ఉంటుంది. సాయంత్రానికి మళ్ళీ అల్మారా మీద పొరగా కనబడేది అందులో కొంత. "పొద్దున్నే కదా ఊడ్చాను" అని అక్కచెల్లెళ్ళు విసుక్కోవడం ఇందుకే.

కాబట్టి ఫ్యాను ఆపి, బాగా పిండిన తడిగుడ్డతో పైనుంచి కిందికి రావాలి. ముందు బూజు, తరువాత ఫ్యాను, అల్మారా, కిటికీ ఊచలు, చివరికి నేల. గుడ్డ నీళ్ళోడుతూ ఉంటే దుమ్ము బురదై అంటుకుంటుంది, పిండడంలోనే ఉంది పనితనం. ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్మంతా గలీబులోనే పడుతుంది, మంచం మీద రాలదు. చీపురు వాడక తప్పనప్పుడు నేలకు ఆనించి మెల్లగా లాగాలి. పిల్లలను, ఆయాసం ఉన్నవారిని ఆ సమయంలో వేరే గదిలో ఉంచాలి. ముక్కుకు దుపట్టా అడ్డం పెట్టుకుంటే పెద్ద రేణువులు కొంత ఆగుతాయి గాని సన్నటివి ఆగవు. 2020లో కరోనా వచ్చినప్పుడు మనమంతా చూసిన ఎన్95 మాస్కు వీటికి పనికొస్తుంది.

లోపలికి రాని దుమ్మును తుడిచే పని లేదు. గడప బయట గరుకైన కొబ్బరి పీచు పట్టా, లోపల గుడ్డ పట్టా వేసి, రెండింటినీ రోజూ బయట దులపండి. మనం చెప్పులు విడిచే వస్తాము గాని, చాలా ఇళ్ళల్లో చెప్పుల స్టాండు గడపకు లోపలే ఉంటుంది. దాన్ని బయటికి జరపండి. రోడ్డు వైపు కిటికీలు ఫజ్ర్ తరువాత కాసేపు తెరిచి, బండ్ల రద్దీ మొదలయ్యేసరికి మూసుకోవచ్చు.

పడుకునే ముందు పక్కను దులుపుకోమని ప్రవక్త (స) ఉపదేశించారు. మనం లేనప్పుడు దాని మీదికి ఏం చేరిందో మనకు తెలియదన్నది అందుకు చెప్పిన కారణం. ఈ సున్నత్‌ను మెల్లగా, గుడ్డతో పాటించండి. దుప్పట్లు, గలీబులు వారానికోసారి వేడినీళ్ళలో ఉతకాలి. 60 డిగ్రీల వేడికి ఆ పురుగులు చస్తాయి. పరుపును ఎండలో వేసి, బయటే కొట్టి తేవాలి. జానమాజ్‌ను నమాజు కాగానే మడిచి పెట్టడం మంచి అలవాటు.

జుమేరాత్ నాడు లోబాన్ పొగ వేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. సువాసన మంచిదే, ప్రవక్త (స)కు ఇష్టమైనదే. కాని లోబాన్, అగరొత్తి, దోమల చుట్ట పొగలో ఉండేది సన్నటి మసే. ఉబ్బసం మనిషి ఉన్న ఇంట్లో అత్తరు చాలు.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. తాండూరు నాపరాళ్ళ పాలిష్ యూనిట్లలో, చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలలో పనిచేసే సోదరులు ఆ పొడి బట్టలతోనే ఇంటికి వచ్చి పిల్లలను ఎత్తుకుంటారు. రాతిపొడిలోని సిలికా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. సిలికోసిస్ అనే ఆ జబ్బు ఒకసారి వస్తే మళ్ళీ మామూలు కావడం ఉండదు. వీలైతే పనిచోటే, కాకపోతే పెరట్లోనైనా బట్టలు మార్చి, ఒళ్ళు కడుక్కొని లోపలికి రండి. ఆ బట్టలను గదిలో దులపనివ్వకండి. ముందు తడిపి, విడిగా ఉతకాలి.

మరి ఊడ్చేదెవరు? ఆ ఇంట్లో ఇద్దరు మగపిల్లలు, వారి తండ్రి ఉన్నారు. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, తమ ఇంటివారి పనుల్లో ఉండేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినట్లు బుఖారీలో ఉంది. కోడలికి ఉబ్బసం ఉంటే చీపురు కొడుకు చేతికి ఇవ్వండని ఆ పెద్దావిడతో అన్నాము. "మగపిల్లాడి చేత చీపురా?" అని ఆమె కాసేపు మాట్లాడలేదు. మేము లేచేటప్పుడు మాత్రం, "ఫ్యానైతే వాడికి అందుతుందిలే" అన్నారు.

బయటికి వస్తుంటే ఆ కోడలు భర్త చేత ఒక ప్రశ్న అడిగించారు. రమజాన్‌లో ఊడుస్తుంటే దుమ్ము గొంతులోకి పోతే రోజా ఉంటుందా? ఉంటుంది. తప్పించుకోలేని దుమ్ము, పిండి, పొగ తనంతట తానే గొంతులోకి పోతే రోజా భంగం కాదు. లోబాన్ పొగను కావాలని లోపలికి పీలిస్తే మాత్రం భంగమవుతుంది, ఆ రోజాను కజా చేయాలి.