కూలి కోరని సేవకు కృతజ్ఞత



మన పలమనేరు పట్టణమునకు రైలుమార్గము లేదు. రైలెక్కవలెనన్న చిత్తూరునకో కుప్పమునకో పోవలెను. కావున విహారయాత్రలో పొగబండి నెక్కు దినము మీకు పండుగవంటిది. ఆనాడు మీరు ఇంజనును చూతురు, సొరంగములను లెక్కపెట్టుదురు, కేకలు వేయుదురు. కాని బండిని నడపినవారి ముఖమును చూచినవారు మీలో నెందరు? ఈ పాఠమున ఆ విషయమునే విచారింతము.

ఇంగ్లండునకు పడమట నున్న వేల్సు దేశమున టాలిల్లిన్ అను చిన్న రైలుమార్గము కలదు. దాని పొడవు సుమారు ఏడు మైళ్లు. గనులనుండి పలకరాతిని దింపుటకై 1865వ సంవత్సరమున దానిని తెరచిరి. 1946లో గని మూతపడెను. 1950లో యజమానియు మరణించెను. ఇక ఇనుపకమ్ములను పెరికి అమ్మివేయుటయే తరువాయి యన్నట్లుండెను. అప్పుడు రైలుప్రియులు కొందరు ఆ యేటి అక్టోబరులో బర్మింగుహాము నగరమున సభచేసి, ఆ మార్గమును కాపాడుటకై సంఘముగా నేర్పడిరి. 1951 మే నెలలో వారి బండి కదలెను. స్వచ్ఛంద సేవకులు కాపాడిన రైలుమార్గములలో ప్రపంచమున నిదియే మొదటిది, నేటికిని నడచుచున్నది. పిల్లలకై రైలింజనుల కథలు వ్రాసిన ఆడ్రీ పాదిరిగారు 1952లో అచ్చట గార్డుగా సేవచేసిరి.

ఇట్టి సేవ సులభము కాదు. ఆవిరియంత్రము మీట నొక్కగనే కదలునది కాదు. ప్రయాణికులు వచ్చుటకు కొన్ని గంటల ముందే పొయ్యిలోని బూడిద తీసి, నిప్పు రాజేసి, కీళ్లకు నూనె పోసి, ఆవిరి చాలినంత పుట్టువరకు కాచియుండవలెను. క్రొత్తగా చేరినవాడు మొదట ఇంజనును తుడుచును. పిమ్మట బొగ్గు వేయుట నేర్చును. పరీక్షలలో తేరి చాలకాలమునకు గాని డ్రైవరు కాడు. మనము ఇల్లు చేరిన పిమ్మటను వారి పని తీరదు. ఇదంతయు తమ సెలవుదినములలో కూలి కోరక చేయుదురు.

మన దేశమున పాతకాలపు బండ్లను నడపువారు రైల్వే ఉద్యోగులు. మెట్టుపాళెమునుండి ఉదకమండలమునకు 46 కిలోమీటర్లు పోవు నీలగిరి కొండరైలును 2005లో యునెస్కో సంస్థ ప్రపంచ వారసత్వ సంపదలలో చేర్చెను. కల్లారునుండి కూనూరువరకు ఎక్కుడు మిక్కుటము. పట్టాల నడుమ పండ్లకమ్మి యుండును. ఇంజను వెనుకనుండి పెట్టెలను నెట్టును. ప్రతి పెట్టె ముంగల నొక బ్రేకుమనిషి నిలిచి, జెండాతో సైగచేయుచు, బ్రేకును కనిపెట్టియుండును. అతడు జీతము పుచ్చుకొనుచున్నాడు గదా, కృతజ్ఞత యేల యందురా? జీతము పనికి వెల. మనలను భద్రముగా చేర్చవలెనను శ్రద్ధకు వెల కాదు.

కృతజ్ఞతను ఎట్లు తెలుపవలెను? మొదటిది, వారి మాట వినుట. కిటికీనుండి వంగుట, పెట్టెలో చెత్త వేయుట వారి శ్రమను తృణీకరించుటయే. రెండవది, సమయ మెరుగుట. బండి నడచునప్పుడు డ్రైవరును పలుకరింపరాదు. బండి నిలిచిన పిమ్మట దగ్గరకు పోయి, నమస్కరించి, రెండు మంచి మాటలు చెప్పవలెను. మూడవది, స్వచ్ఛంద సేవకుని చేతిలో ఇనాము పెట్టకుండుట. ఇయ్యదలచినది చందాపెట్టెలో వేసినచో బండి మరమ్మతునకు వచ్చును. నాల్గవది, ఇల్లు చేరినపిమ్మట ఉత్తరము వ్రాయుట. ఏ దినమున ఏ బండిలో పోతిమో, ఏ పని మీకు నచ్చెనో తెలుపుడు. ఫిర్యాదు వ్రాయువారు పలువురు. మెప్పు వ్రాయువారు అరుదు.

పదిమంది కుష్ఠరోగులు బాగుపడగా, ఒక్కడే తిరిగివచ్చి ప్రభువునకు కృతజ్ఞత తెలిపెనని లూకా సువార్తలో చదువుచున్నాము. తక్కిన తొమ్మండుగురు దుర్మార్గులని అందు లేదు. వారు తిరిగి రాలేదు, అంతియే. మనము చేయు తప్పును సాధారణముగా నిట్టిదే.

రైలు లేని మన యూరిలోను కూలి కోరని సేవకులు కలరు. వేసవిలో చలివేంద్రమున నీళ్లు పోయువారు, ఆదివారపు బడిలో పాఠము చెప్పువారు అట్టివారే. రేపు దాహము తీరినపిమ్మట ఒక్క నిమిషము నిలువుడు. లోటా అందించిన చేతిని మాత్రమే కాక, ఆ ముఖమునుగూడ చూడుడు.