మొదటి పొదుపు ఖాతా: వడ్డీ ఒక్కటే చూస్తే చాలదు

తిరునాళ్లలో కొన్న మట్టి హుండీలో మీరెప్పుడైనా డబ్బు దాచారా? అందులో వేసిన రూపాయి రూపాయిగానే ఉంటుంది. పెరగదు, తరగదు. బ్యాంకులో దాచిన రూపాయి అలా కాదు. వడ్డీ చేరితే పెరుగుతుంది. రుసుములు పడితే తరుగుతుంది. కనుక మొదటిసారి పొదుపు ఖాతా తెరవబోయే విద్యార్థి ఈ రెండింటినీ లెక్కకట్టి చూడాలి. చాలామంది మొదటిదాన్నే చూసి రెండవదాన్ని మరచిపోతారు.

ఖాతా ఎవరు తెరవవచ్చు?

పదేళ్లు నిండిన పిల్లలు సొంతంగా పొదుపు ఖాతా తెరచి, తామే నడుపుకొనే వీలును బ్యాంకులు కల్పించవచ్చునని రిజర్వు బ్యాంకు 2014లో చెప్పింది. 2025 ఏప్రిల్‌లో నియమాలను సవరించినప్పుడు కూడా ఆ వయసును మార్చలేదు. ఎంత మొత్తం వరకు అనుమతించాలో, ఏటీఎం కార్డు ఇవ్వాలో వద్దో ఆయా బ్యాంకులే నిర్ణయిస్తాయి. పోస్టాఫీసులో కూడా పదేళ్లు నిండినవారు 500 రూపాయలతో ఖాతా తెరవవచ్చు.

వడ్డీ దేనిమీద?

భారతీయ స్టేట్ బ్యాంకు 2025 జూన్‌లో పొదుపు ఖాతా వడ్డీని ఏడాదికి 2.5 శాతంగా నిర్ణయించింది. పోస్టాఫీసు పొదుపు ఖాతాకు 2011 డిసెంబరు నుంచి 4 శాతం. "అయితే పోస్టాఫీసే మేలు కదా!" అంటారా? తొందరపడకండి. ఎంత శాతం అన్నది ఒక ప్రశ్న. ఏ మొత్తం మీద అన్నది ఇంకొక ప్రశ్న.

బ్యాంకులు 2010 ఏప్రిల్ 1 నుంచి ఏ రోజు నిల్వకు ఆ రోజే వడ్డీ లెక్కిస్తున్నాయి. పోస్టాఫీసు పద్ధతి వేరు. నెలలో 10వ తేదీ నుంచి ఆఖరి రోజు వరకు ఉన్న నిల్వల్లో అన్నిటికన్నా తక్కువ ఏదో, దానికే ఆ నెల వడ్డీ ఇస్తుంది. ఆ నిల్వ 500 కన్న తగ్గితే ఆ నెలకు వడ్డీ లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. జూన్ 1న మీ ఖాతాలో 600 రూపాయలున్నాయి. 8వ తేదీన నాన్నగారు కాలేజీ ఫీజు కోసం ఇచ్చిన 1400 అందులో వేశారు. 20వ తేదీన ఆ 1400 తీసి ఫీజు కట్టారు.

1 నుంచి 7 వరకు: 7 రోజులు × 600 = 4,200
8 నుంచి 19 వరకు: 12 రోజులు × 2000 = 24,000
20 నుంచి 30 వరకు: 11 రోజులు × 600 = 6,600
మొత్తం = 34,800

దీన్ని 2.5తో గుణించి 36,500తో భాగిస్తే బ్యాంకు వడ్డీ 2 రూపాయల 38 పైసలు. పోస్టాఫీసులో 10వ తేదీ తర్వాత అతి తక్కువ నిల్వ 600. దాని మీద 4 శాతం చొప్పున ఒక నెల వడ్డీ సరిగ్గా 2 రూపాయలు. శాతం తక్కువైన చోటే వడ్డీ ఎక్కువ వచ్చింది, గమనించారా? అదే 1400ను నెలాఖరు దాకా కదపకుండా ఉంచితే పోస్టాఫీసులో 6 రూపాయల 67 పైసలు, బ్యాంకులో 3 రూపాయల 44 పైసలు వస్తాయి. అంటే, వేసి తీసే డబ్బుకు ఒక ఖాతా, కదలకుండా ఉండే డబ్బుకు మరొక ఖాతా మేలన్నమాట.

డబ్బు ఎక్కడ కారిపోతుంది?

ఇప్పుడు రుసుముల సంగతి. సొంత బ్యాంకు ఏటీఎంలో నెలకు అయిదుసార్లు ఉచితం. ఇతర బ్యాంకుల ఏటీఎంలలో మహానగరాల్లో మూడుసార్లు, తక్కిన చోట్ల అయిదుసార్లు ఉచితం. 2025 మే 1 నుంచి, అది దాటితే ఒక్కొక్కసారికి 23 రూపాయల వరకు తీసుకోవచ్చు. దానిపై 18 శాతం పన్ను 4 రూపాయల 14 పైసలు. మొత్తం 27 రూపాయల 14 పైసలు. మరి 2.5 శాతం చొప్పున వెయ్యి రూపాయలకు ఏడాది వడ్డీ ఎంత? 25 రూపాయలు! ఒక్కసారి ఎక్కువగా డబ్బు తీస్తే ఏడాది వడ్డీ అంతా పోయి, అసలులో కూడా కొంత తరుగుతుంది.

రెండవది కనీస నిల్వ. కొన్ని బ్యాంకులు నెలసరి సగటును చూస్తాయి. పై ఉదాహరణలో 34,800ను 30తో భాగిస్తే సగటు 1160. కనీస నిల్వ వెయ్యి అయితే మీకు భయం లేదు. రెండు వేలైతే, పన్నెండు రోజులు రెండు వేలు ఉంచినా జరిమానా తప్పదు. అయితే ముందుగా తెలియజేసి, నిల్వ సరిచేసుకోవడానికి నెల గడువు ఇవ్వాలి. 2015 ఏప్రిల్ 1 నుంచి, కేవలం ఈ జరిమానా వల్ల ఖాతా నిల్వ సున్నా కన్న దిగువకు పోకూడదని నియమం ఉంది.

విద్యార్థికి తగిన దారి

కనీస నిల్వ అవసరం లేని 'ప్రాథమిక పొదుపు ఖాతా'ను బ్యాంకులన్నీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2012లో ఆదేశించింది. దీనికి ఏటీఎం కార్డు రుసుము లేదు. నెలకు కనీసం నాలుగుసార్లు ఉచితంగా డబ్బు తీయవచ్చు. అయితే అదే బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు. నెలకు వందో రెండు వందలో దాచే విద్యార్థికి ఇది చాలు.

ఖాతా తెరిచే ముందు బ్యాంకులో ఈ ప్రశ్నలు అడగండి:

1. కనీస నిల్వ ఎంత? తగ్గితే జరిమానా ఎంత?
2. కార్డుకు ఏడాది రుసుము ఉందా? ఎస్సెమ్మెస్‌లకు డబ్బు తీసుకుంటారా?
3. నెలకు ఎన్నిసార్లు ఉచితంగా డబ్బు తీయవచ్చు?
4. నాకు 18 ఏళ్లు నిండినప్పుడు ఏ కాగితాలు, కొత్త సంతకం ఇవ్వాలి?

అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అది మీ డబ్బు. ఖాతా తెరిచాక దాన్ని మరచిపోకండి. రెండేళ్లపాటు మీరు ఏ లావాదేవీ చేయకపోతే బ్యాంకు దాన్ని పనిచేయని ఖాతాగా లెక్కిస్తుంది.

చివరగా ఒక పని. ఇంట్లో పెద్దల పాస్‌బుక్ అడిగి తీసుకోండి. ఒక ఏడాదిలో జమ అయిన వడ్డీలన్నీ ఒకవైపు, పడిన రుసుములన్నీ మరొకవైపు వేసి కూడండి. ఏ వైపు ఎక్కువ తేలిందో ఆ పెద్దలకే చూపించండి.