కారు ముందు చక్రం విప్పి చూద్దాం

గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు, బ్రేకు వేయగానే ఆగిపోయింది. అంతవరకూ దానిలో ఉన్న గతిశక్తి ఏమైనట్లు? శక్తి నశించదని మీరు చదువుకున్నారు గదా! కారు ద్రవ్యరాశి 1000 కిలోగ్రాములు, వేగం సెకనుకు 20 మీటర్లు అనుకోండి. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే 2,00,000 జౌళ్ళు వస్తుంది. సుమారు 700 మిల్లీలీటర్ల నీళ్ళను 30 డిగ్రీల నుంచి మరిగేదాకా వేడిచేయడానికి ఈ శక్తి చాలు. ఇందులో ఎక్కువ భాగం ఘర్షణవల్ల ఉష్ణంగా మారి, ముందు చక్రాల లోపలివైపున ఉండే రెండు పోత ఇనుప పళ్ళేలలోకి చేరుతుంది. వాటినే బ్రేకు డిస్కులంటారు. ముందు చక్రాలకే ఎందుకంత భారం? బస్సు ఆగగానే మీరు ముందుకు తూలరూ? కారు బరువూ అలాగే ముందుకు మొగ్గుతుంది.

ఇక తిరుమల నుంచి తిరుపతికి దిగే కారు సంగతి చూడండి. ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. కోల్పోయే స్థితిశక్తి దాదాపు 70 లక్షల జౌళ్ళు! అదంతా బ్రేకులమీదే వేయకూడదని, అనుభవమున్న డ్రైవరు చిన్న గేరులో దిగుతాడు.

రెండువైపులా ప్యాడ్లు రాసుకుని రాసుకుని డిస్కు అరుగుతుంది. ఎంత మందం వరకు అరిగితే తీసెయ్యాలో సాధారణంగా దాని మీదే చెక్కి ఉంటుంది. కుడి ఎడమల డిస్కులు రెండూ ఒకేసారి మార్చాలి. ఇంటి దగ్గర కూడా మార్చవచ్చుగాని, అది పని తెలిసిన పెద్దల పని. మీరు పక్కన నిలబడి చూడండి.

డిస్కును చక్రంతోపాటు తిప్పే భాగం హబ్బు. ఎద్దుబండి చక్రంలో ఆకులన్నీ వచ్చి కూడే నడిమి భాగం లాంటిదే ఇది. హబ్బు బేరింగు మీద తిరుగుతుంది. వేగం పెరిగేకొద్దీ చక్రం దగ్గర రొద పెరుగుతున్నా, చక్రం పట్టుకుని ఊపితే కదులుతున్నా, బేరింగును అనుమానించాలి.

హబ్బు కూడా మార్చేటట్లయితే, దాని నడిమి నట్టును కారు నేలమీద ఉండగానే వదులు చేయాలి. ఎందుకంటే అది 200 న్యూటన్-మీటర్ల బలభ్రామకంతో బిగించి ఉండవచ్చు. అరమీటరు పొడవు పానా చివర 400 న్యూటన్ల బలం, అంటే 40 కిలోల బరువు వేసినంత! జాకీ మీద ఉన్న కారును అంత బలంతో గుంజితే ఏమవుతుందో ఊహించండి. జాకీ కారును ఎత్తడానికే. ఎత్తిన కారును మోయడానికి గట్టి స్టాండు ఉండాలి.

చక్రం తీశాక, ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్‌ను విప్పి తీగతో పైన కడతారు. దాని రబ్బరు గొట్టానికి వేలాడదీస్తే గొట్టం దెబ్బతింటుంది. అక్కడి నల్లటి పొడిని నోటితో ఊదకూడదు. పాతకాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ ఉండేది.

పాత డిస్కు ఊడి వచ్చింది. చాలామంది వెంటనే కొత్తది తొడిగేస్తారు. ఇక్కడే వస్తుంది చిక్కు! హబ్బు ముఖం మీద తుప్పు పొర ఒకటి ఉండిపోయిందనుకోండి. మందం 0.1 మిల్లీమీటరు, మీ నోటుపుస్తకం కాగితమంత. హబ్బు ముఖం అడ్డంగా 12 సెంటీమీటర్లు, డిస్కు 24 సెంటీమీటర్లు. పొర అంచున ఉంటే డిస్కు ఒక పక్కకు ఒరుగుతుంది. సరూప త్రిభుజాల లెక్క ప్రకారం డిస్కు అంచు దగ్గర ఊగు 0.2 మిల్లీమీటర్లు! చాలా కార్లకు 0.1 మిల్లీమీటరు ఊగు కూడా ఎక్కువే. 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు 9, 10 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ డిస్కు ఒకేచోట ప్యాడ్‌కు తగులుతుంది. కొన్ని వేల కిలోమీటర్లు పోయేసరికి ఆ చోటు పలచబడి, బ్రేకు వేస్తే పెడలు కాలికింద అదురుతుంది. డిస్కు వంకరపోయిందని దుకాణం వాణ్ణి తిట్టి ఇంకొకటి కొంటారు. తుప్పు మాత్రం అక్కడే ఉంటుంది! తీగ బ్రష్షుతో, ఉప్పుకాగితంతో హబ్బు ముఖం మెరిసేలా రుద్దడానికి పావుగంట చాలు. కొత్త డిస్కుకు తుప్పు పట్టకుండా పూసిన నూనెనూ తుడిచేయాలి.

తరువాత అన్నీ తిరిగి బిగిస్తారు. కొత్త ప్యాడ్లు పట్టడానికి కాలిపర్‌లోని పిస్టన్‌ను వెనక్కి నొక్కుతారు. ఆ ద్రవం వెనక్కిపోయి పైనున్న డబ్బాలో మట్టం పెరగడం మీరు చూడవచ్చు. అంటే, ఇప్పుడు పిస్టన్‌కూ ప్యాడ్‌కూ మధ్య ఖాళీ ఉంది. మొదటిసారి పెడలు తొక్కితే అది నేలకంటా దిగిపోతుంది, బ్రేకు పడదు! కాబట్టి బండిని కదిలించకముందే, పెడలు గట్టిపడేదాకా పదేపదే తొక్కి, డబ్బాలో మట్టం చూసుకున్నాకే ఇంజను స్టార్టు చేయాలి.