పొట్టలోకి గొట్టం - ఒంటి బరువు

ఎండోస్కోపీ గదిలో మత్తు ఇచ్చే పని నాది. బల్లమీద పడుకున్న మనిషిని నేను మొదట అడిగేది "మీ బరువెంతండీ?" అని. తెనాలివారైనా, బాపట్ల, రేపల్లెలవారైనా ఈ ప్రశ్నకు నవ్వుతారు. "పొట్టలోకి గొట్టం వేయడానికి నా బరువెందుకు డాక్టరుగారూ?" అంటారు. సంచికకు ఏదైనా రాయమని విద్యార్థి సంఘంవారు అడిగినప్పుడు, ఆ ప్రశ్నకే కాస్త తీరిగ్గా జవాబు చెబుదామనిపించింది.

1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు కత్తులు మింగే గారడీవానిచేత నిటారు గొట్టం మింగించి పొట్టలోకి తొంగిచూశాడు. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్, వంగే గాజునారల గొట్టాన్ని ముందు తానే మింగి చూశాడు. ఇప్పటి గొట్టం చిటికెనవేలంత లావు, చివర చిన్న కెమెరా. పరీక్షవరకైతే అయిదు పది నిమిషాల పని. గొట్టంవల్ల చిల్లి పడటం చాలా అరుదు. భయమల్లా దాన్ని ఓర్చుకోవడానికిచ్చే మత్తుతోనే. తీవ్రమైన చిక్కులలో పెద్దభాగం ఊపిరికీ గుండెకూ సంబంధించినవే. బరువు ప్రసక్తి వచ్చేది అక్కడే.

165 సెంటీమీటర్ల ఎత్తు, 95 కిలోల బరువున్న ఒక వ్యాపారిని ఊహించండి. కిలోలను, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే సుమారు 35 వస్తుంది. బెల్జియం పండితుడు క్వెట్లె వేసిన లెక్క ఇది. 'బాడీ మాస్ ఇండెక్స్' అన్న పేరు మాత్రం 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. తెల్లవారికి 30 దాటితే స్థూలకాయం. నడుము చుట్టూ కొవ్వు పేర్చుకునే మన భారతీయులకు 25కే ఆ బిరుదు!

ఇతన్ని పడుకోబెట్టగానే పొట్ట డయాఫ్రాన్ని పైకి నెడుతుంది. ఊపిరితిత్తులలో నిలవ ఉండే గాలి తగ్గుతుంది. ఆ నిలవ, గాదెలో ధాన్యం వంటిది. ఊపిరి కాసేపు ఆగితే మామూలు మనిషి దానిమీద నెట్టుకొస్తాడు. ఇతని ఆక్సిజన్ గబగబా పడిపోతుంది. పైగా మత్తులో గొంతు కండరాలు సడలితే, మెడ చుట్టూ ఉన్న కొవ్వు దారి మూసేస్తుంది. గురక అంటే ఆ దారి సగం మూసుకున్న చప్పుడే మరి. "గురకా? పక్కింటికి వినపడుతుందండీ" అంటుంది ఇల్లాలు నవ్వుతూ. నాకు నవ్వు రాదు. "మధ్యలో ఊపిరి ఆగినట్టు ఉంటుందా అమ్మా?" అని అడుగుతాను. 2008లో టొరంటోలో ఫ్రాన్సెస్ చంగ్ బృందం తయారుచేసిన 'స్టాప్-బ్యాంగ్' ప్రశ్నావళిలో ఎనిమిది ప్రశ్నలుంటే, బరువు గూర్చినది ఒక్కటే. గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగడం, రక్తపోటు, వయస్సు, మెడ కొలత, మగ ఆడ అన్నవి మిగిలినవి. అంటే కాటా చెప్పని సంగతులు ఇల్లాలు చెబుతుందన్నమాట.

ఇక అదే ఎత్తున్న వ్యవసాయ కూలీ, 45 కిలోలు. లెక్క 16.5, ఇది 18.5కు తగ్గకూడదు. "బక్కప్రాణి, ఆయనకేం భయం లెండి" అంటారు కూడా వచ్చినవాళ్లు. నేను ఒప్పుకోను. ఇద్దరికీ ఒకే మోతాదు ఇస్తే, ఇతనికి కిలోకు రెండింతలకు పైగా పడినట్టే. అదీగాక మిడజొలాం అనే మత్తుమందు రక్తంలో అల్బుమిన్ అనే మాంసకృత్తును అంటుకొని ఉంటుంది. తిండి చాలని ఒంట్లో అల్బుమిన్ తక్కువ, స్వేచ్ఛగా తిరిగే మందు ఎక్కువ. గొంతు మొద్దుబార్చే లిగ్నోకెయిన్ స్ప్రేకి కూడా బరువునుబట్టి హద్దు ఉంది. అలాగని లావుపాటివారికి కిలోల లెక్కన మందు పెంచుకుంటూ పోకూడదు. కొవ్వు మందును దాచుకొని తీరిగ్గా వదులుతుంది. కనుక ఎవరికైనా కొద్దికొద్దిగా ఎక్కించి చూడటమే దారి. ఉత్త పరీక్షయితే, ఓర్చుకోగలవారికి స్ప్రే ఒక్కటీ చాలు. నా ఓటు దానికే. అన్నట్టు, ప్రయత్నించకుండా బరువు తగ్గిపోతే ఆ సంగతి తప్పక చెప్పాలి. లోపలి జబ్బుకు అది గుర్తు కావచ్చు.

బాపట్ల, రేపల్లె 2022లో కొత్త జిల్లాలోకి వెళ్లాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. అయినా రైలు ఎక్కితే అందరికీ తెనాలి జంక్షనే. తెల్లవారుఝామున రేపల్లెలో ఎక్కి, "కాఫీయేగా" అని పాలకాఫీ తాగి వస్తారు. పాలు మాకు అన్నంతో సమానం. ఆరు గంటలు ఆగాల్సిందే. మంచినీళ్లకైతే రెండు గంటలు. మత్తులో అది ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. బరువు తగ్గడానికో, షుగరుకో సెమాగ్లుటైడ్ వంటి మందు వాడేవారి పొట్ట మరీ నెమ్మదిగా ఖాళీ అవుతుంది. ముందే చెప్పాలి, సొంతంగా మానకూడదు.

గొట్టం నేర్పులో తెలుగువారు ఎవరికీ తీసిపోరు. హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డిగారికి 2025లో పద్మవిభూషణ్ వచ్చింది. ఈనాడు గొట్టంతోనే లోపల కుట్లువేసి పొట్టను చిన్నది చేస్తున్నారు కూడా. ఆ పని స్థూలకాయులకే కనుక, సాధారణంగా శ్వాసనాళంలో గొట్టం వేసి పూర్తి మత్తుతో చేస్తారు. చిన్న పరీక్షకు అంత హంగు అక్కరలేదు. వేలికి ఆక్సీమీటరు, ముక్కుకు ఆక్సిజన్, ఊపిరినే కనిపెట్టుకుని ఉండే మనిషి ఒకరు ఉంటే చాలు. ఆ మనిషి ఎవరని ముందే అడగండి, ఎవరూ తప్పుపట్టరు.

మత్తు తీసుకున్నవారు ఆ రోజంతా బండి నడపకూడదు. తిరుగు రైల్లో లావుపాటాయన కునుకు తీస్తూ గురకపెడితే, పక్కనున్నవారు లేపి నిటారుగా కూర్చోబెట్టాలి.