కాలువ కట్టను తోటగా మార్చాలంటే

తెనాలి ఊరి మధ్యగా తూర్పు కాలువ, పడమటి కాలువ, నిజాంపట్నం కాలువ పారుతున్నాయి. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకా, పశ్చిమ డెల్టాను పండించింది కృష్ణ నీళ్లే. అలాంటి కాలువల కట్టల మీద చెత్త పోస్తున్నాం. ఇది చూస్తూ ఊరుకోలేను. మొక్కలంటే ప్రాణమున్న పదిమంది కలిస్తే, ఒక ఫర్లాంగు కట్టనైనా జనం సాయంత్రం కూర్చునే తోటగా మార్చవచ్చు.

ముందు మొక్కలు కొనకండి. కట్ట జలవనరుల శాఖది కాబట్టి, అనుమతి కాగితం మీద తీసుకోండి. చెత్త ఎత్తడానికి మున్సిపాలిటీ తోడు కావాలి. కాలువ నీళ్లు చూసుకునే లస్కరును కూడా కలవండి. నీరు ఏ మట్టానికి వస్తుందో, కట్ట ఎక్కడ కారుతుందో అతనికే బాగా తెలుసు.

వేసవిలో కాలువ కట్టేసినప్పుడు శుభ్రం మొదలుపెట్టాలి. ప్లాస్టిక్‌ను వేరు చేసి పంపేయండి. గుర్రపుడెక్కను ఎండబెట్టి పేడతో కలిపితే ఎరువవుతుంది. తూటికాడను మాత్రం ఆ కుప్పలో వేయొద్దు. కణుపు ముక్క మిగిలినా మళ్లీ చిగురిస్తుంది.

నీటి వైపు వాలులో చెట్లు నాటకూడదు. చెట్టు చచ్చాక వేరు కుళ్లినచోట బొరియ పడి కట్ట కారుతుంది. అక్కడ గరిక, వట్టివేరు చాలు. కట్ట మీద పూడిక తీసే పొక్లెయిన్‌కు దారి వదలండి. బట్టలుతికేవాళ్ల రేవు ఉంటే కదిలించకండి, తోట వాళ్లది కూడా. కానుగ, నేరేడు, పొగడ, వేప బయటి వైపు దిగువన నాటండి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ తేవద్దు.

రేపల్లె, బాపట్ల వైపు సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ చవుడు తగులుతుంది. అక్కడ కానుగ, సరుగుడు తట్టుకుంటాయి. ముందు మట్టి పరీక్ష చేయించండి. బాపట్లలో 1945 నాటి వ్యవసాయ కళాశాల ఉంది, సలహా అడగండి.

తొలకరికి నాటి, చుట్టూ మేకలకు అందకుండా కంచె కట్టాలి. అసలు పరీక్ష ఆ తర్వాతి వేసవి. మొక్కలు కాలువ పక్కనే ఉన్నాయి కదా, నీళ్లకేం లోటనుకుంటాం. కానీ మొక్కకు దాహం ఎక్కువయ్యే ఏప్రిల్, మే నెలల్లోనే కాలువ ఎండుతుంది. నాటిన మొక్కలు చాలావరకు చచ్చేది అప్పుడే. అందుకే ట్యాంకరు ఖర్చును, ఎవరు ఏ వారం తడపాలో ముందే రాసిపెట్టుకోండి. రెండు వేసవులు దాటిన చెట్టుకు మన అవసరం తగ్గుతుంది.

వచ్చే వేసవికి కాలువ కట్టేసేలోగా అనుమతి చేతిలో ఉండాలి. అర్జీ ఈ వారమే పెట్టండి.