పేరు లేని పడుచువాడు: మార్కు 14:51–52 ఎలా చదవాలి?

శ్రమల దినాల కూడికల్లో గెత్సేమనే తోట గురించి చెప్పేటప్పుడు చాలామంది మార్కు 14వ అధ్యాయం 50వ వచనం దగ్గర ఆగి, నేరుగా 53కి వెళ్లిపోతారు. మధ్యలో ఉన్న రెండు వచనాల్లో ఒక పడుచువాడున్నాడు. ఒంటిమీద నారబట్ట ఒక్కటే వేసుకుని యేసు వెంట వెళ్తున్నాడు. పట్టుకున్నవాళ్ల చేతుల్లో ఆ బట్ట వదిలేసి, దిగంబరంగా పారిపోయాడు. అతని పేరేమిటో, ఎక్కణ్ణుంచి వచ్చాడో, తర్వాత ఏమయ్యాడో మార్కు చెప్పడు.

చోడవరంలో సండేస్కూలు నడిపే అక్కయ్యకైనా, ఇంటి కూడికలో మొదటిసారి వాక్యం చెప్పబోయే తమ్ముడికైనా ఈ వచనాలు ఎదురైతే దాటెయ్యనక్కర్లేదు. లేని కథ అల్లనూ అక్కర్లేదు. ఓపిగ్గా చదివితే చాలు.

ఈ సువార్తకు మన ప్రాంతంతో పాత బంధం ఉంది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. క్రైస్తవుడైన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేసే పనికి పూనుకున్నారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఆ ఇద్దరు మిషనరీలూ కన్నుమూశారు. చోడవరం 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది గానీ, అంతవరకూ విశాఖ జిల్లాలోదే. ఇంత దగ్గర్లో, ఇంత శ్రమతో తెలుగులోకి వచ్చిన పుస్తకంలో రెండు వచనాలను వదిలేసుకోవడం మనకు తగదు.

కావలసినవి

మీ ఇంట్లోని తెలుగు బైబిలు, వీలైతే వాడుక భాషలో ఉన్న మరో అనువాదం, ఒక నోటుపుస్తకం, తీరికగా ఒక సాయంత్రం. వ్యాఖ్యాన గ్రంథాలను, ఫోనులో వినే ప్రసంగాలను, కింద చెప్పిన ఏడు మెట్లలో ఆరోది వచ్చేదాకా పక్కన పెట్టండి.

1. ఉన్నది రాయండి, లేనిదీ రాయండి

14:32 నుంచి 52 వరకు పైకి చదవండి. నోటుపుస్తకంలో పేజీని రెండుగా విడదీయండి. ఒకవైపు వచనం చెప్పినవి: పడుచువాడు, నారబట్ట, యేసు వెంట వెళ్లడం, పట్టుబడడం, బట్ట విడిచి పారిపోవడం. రెండోవైపు వచనం చెప్పనివి: పేరు, ఇల్లు, శిష్యుడా కాదా, ఎందుకు వచ్చాడు. ఈ రెండో వరుసే మిమ్మల్ని కాపాడుతుంది. తర్వాత ఎవరైనా అతని గురించి ధీమాగా ఏదైనా చెబితే, అది ఏ వరుసలోదో చూసుకోవచ్చు.

2. ముందూ వెనకా చూడండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు ఉండండి. 27వ వచనంలో యేసు జెకర్యా ప్రవచనాన్ని ఎత్తి, కాపరిని కొడితే గొర్రెలు చెదరిపోతాయని చెప్పాడు. 31లో పేతురు, అతనితోపాటు అందరూ, చావవలసి వచ్చినా నిన్ను ఎరగమనం అన్నారు. 50లో అందరూ పారిపోయారు. ఆ వెంటనే 51లో ఇంకా ఒకడు ఆయన వెంట వెళ్తున్నాడు! చదివేవాడికి చిన్న ఆశ పుడుతుంది. 52లో అదీ పోయింది. 54లో పేతురు దూరంగా వెంబడిస్తాడు, కాసేపటికి ఆయన ఎవరో ఎరగనంటాడు.

అంటే ఈ వచనాలు దారితప్పి వచ్చి పడ్డవి కావు. ఆ రాత్రి యేసు ఒంటరి అయిపోతున్న వరుసలో అదొక మెట్టు. చివరిదాకా వెంట ఉన్నవాడు కూడా నిలవలేదు. సిగ్గును సైతం లెక్కచేయకుండా పారిపోయాడు.

3. మిగతా సువార్తల్లో వెతకండి

మత్తయి 26:47–58, లూకా 22:47–54, యోహాను 18:1–14 పక్కపక్కన పెట్టి చదవండి. కత్తి దూసినవాడి పేరు మార్కు చెప్పలేదు. అతను పేతురని, చెవి తెగిన దాసుడు మల్కు అని యోహాను చెప్పాడు. పడుచువాడి విషయంలో అలాంటి సాయం దొరకదు. మిగతా ముగ్గురిలో ఎవరూ అతని ఊసే ఎత్తలేదు. కాబట్టి అతన్ని అర్థం చేసుకోవాలంటే మార్కునే అడగాలి.

4. మార్కు సువార్తలోనే జాడలు పట్టండి

నారబట్ట ఈ సువార్తలో మరొక్క సందర్భంలోనే కనిపిస్తుంది: 15:46లో అరిమతయియ యోసేపు యేసు దేహాన్ని చుట్టినప్పుడు. పడుచువాడు కూడా మరొక్క చోటే: 16:5లో సమాధి లోపల, తెల్లని నిలువుటంగీతో, కుడివైపు కూర్చుని. గ్రీకు మూలంలోనూ ఆయా చోట్ల అవే మాటలు. 10:50లో గుడ్డివాడైన బర్తిమయి తన బట్ట పారవేసి లేచి, చూపు పొంది, యేసు వెంట వెళ్లాడు. బట్ట విడిచి వెంబడించినవాడు ఒకడు, బట్ట విడిచి పారిపోయినవాడు మరొకడు.

ఇక్కడ తొందరపడకండి. సమాధిలోని పడుచువాడూ తోటలోని పడుచువాడూ ఒక్కరేనని మార్కు చెప్పలేదు. సమాధి దగ్గర ఉన్నది దేవదూత అని మత్తయి 28వ అధ్యాయం చెబుతుంది. తోటలో సిగ్గుతో ముగిసిన దృశ్యానికి సమాధిలో జవాబు వినబడుతోందని అనవచ్చు. ఇద్దరూ ఒకే మనిషి అని తేల్చకూడదు.

5. పాత నిబంధన తెరవండి

ఆమోసు 2:16 ప్రకారం ఆ దినాన బలాఢ్యుల్లో ధైర్యవంతుడు సైతం దిగంబరుడై పారిపోతాడు. తీర్పు దినపు భయాన్ని ప్రవక్త అలా చూపించాడు. ఆదికాండము 39:12లో యోసేపు తన వస్త్రాన్ని పోతీఫరు భార్య చేతిలో విడిచి పారిపోయాడు. రెండిట్లో ఏది దగ్గర? యోసేపు పాపం నుంచి పారిపోయాడు, ఇతను యేసు పక్కనుంచి పారిపోయాడు. చేసిన పని ఒకటే, అర్థం వేరు. 27వ వచనంలోనే ప్రవచనం వినబడింది కాబట్టి ఆమోసు వాక్యమే ఇక్కడ బాగా అతుకుతుంది. అయినా మార్కు ఆమోసు పేరెత్తలేదు. దీన్ని సూచనగానే ఉంచండి.

6. ఇతరుల జవాబులు తూచండి

అతను మార్కే అన్నది చాలామంది నోట వినబడే మాట. అపొస్తలుల కార్యములు 12:12లో మార్కు తల్లి మరియ ఇల్లు యెరూషలేములో ఉంది కనుక, అల్లరి విని నిద్రలేచి వచ్చాడని ఊహిస్తారు. అయితే మార్కు ప్రభువు మాటలు వినలేదని, ఆయన్ను వెంబడించలేదని పూర్వ సంఘ నాయకుడు పాపియ రాసిన మాటను యూసేబియస్ తన సంఘ చరిత్రలో భద్రపరిచాడు. ఆ సాక్ష్యంతో ఈ ఊహ సులభంగా పొసగదు. అతను అపొస్తలుడైన యోహాను అని అంబ్రోస్ వంటి పూర్వులు భావించారు.

ఇంకో వివాదం కూడా ఉంది. 1958లో మార్ సాబా మఠంలో, అలెగ్జాండ్రియా క్లెమెంటు రాసినట్టు చెప్పే ఒక లేఖ కనిపించిందని పండితుడు మోర్టన్ స్మిత్ ప్రకటించాడు. అందులో మార్కు సువార్తకు మరో రూపం ఉన్నట్టు, దానిలోనూ నారబట్ట కట్టుకున్న ఒక పడుచువాడు కనిపించినట్టు ఉంది. ఆ లేఖ కూటసృష్టి అని అనుమానించే పండితులు చాలామంది ఉన్నారు. కొత్తగా చదివేవారు దాని మీద ఏమీ కట్టకండి.

ఏ జవాబు విన్నా ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ఊహ తప్పని తేలితే నా వాక్యంలో ఎంత కూలిపోతుంది? అంతా కూలిపోయేలా ఉంటే, మీరు చెబుతున్నది ఊహే.

7. మీ మాటల్లో రాయండి

ఐదారు వాక్యాలు చాలు. వాటిని మూడు రకాలుగా విడదీయండి: వచనం చెప్పింది, వచనం సూచించింది, మనం ఊహించింది. ఉదాహరణకు: “చివరిగా వెంట వెళ్లినవాడూ పారిపోయాడు. చస్తామన్న శిష్యుల మాట ఎంత త్వరగా వీగిపోయిందో ఇది చూపిస్తుంది. ఆమోసు చెప్పిన భయంకర దినం గుర్తొస్తుంది. అతను మార్కు కావచ్చు. తెలియకపోయినా ఈ పాఠం మారదు.”

కూడికలో చెప్పేటప్పుడు దిగంబరత్వాన్ని నవ్వులాటగా మార్చనివ్వకండి. అది భయంతో ఒళ్లు మరిచిన మనిషి అవస్థ. వినేవారిలోనూ అలాంటి పరుగు తీసినవారు ఉంటారు.

పేరు లేకపోవడం లోపం కాదు

పేర్లు ఎప్పుడు చెప్పాలో మార్కుకు తెలుసు. సిలువ మోసిన కురేనీయుడైన సీమోను కొడుకులు అలెక్సంద్రు, రూఫుల పేర్లు సైతం 15:21లో ఇచ్చాడు. అదే మార్కు, 14:9లో లోకమంతటా జ్ఞాపకంగా చెప్పుకుంటారని యేసు అన్న, ఆయన తలమీద అత్తరు పోసిన స్త్రీ పేరు ఇవ్వలేదు. పేరు లేకుండానే ఆమె సంగతి రెండువేల ఏళ్లుగా చెప్పుకుంటున్నాం. కనుక పేరు దొరకనంత మాత్రాన ఈ పడుచువాడి సంగతీ అసంపూర్తి కాదు. అతనెవరో తేల్చే పని సువార్త మనకు అప్పగించలేదు. నేనైతే ఆ రాత్రి ఎక్కడిదాకా వెంట వెళ్లేవాణ్ణి అన్న ప్రశ్నను అప్పగించింది. ఈ ఏడు మెట్లూ ఎక్కినవారు, వచ్చే శ్రమల దినాల్లో ఆ రెండు వచనాలను దాటకుండా చదివి, ఆ ప్రశ్నను ముందు తమకు తామే వేసుకోవాలి.