సెల్ టవర్ గురించి మీ పిల్లలు అడిగితే ఏం చెబుతారు?



పక్క బిల్డింగ్ మీద సెల్ టవర్ పెడుతున్నారని తెలిస్తే చాలు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మెసేజ్‌లతో నిండిపోతుంది. "రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందట" అని ఒకరంటే, "అదంతా ఉత్త భయం" అని మరొకరంటారు. ఈ మాటలన్నీ పిల్లల చెవిన పడుతూనే ఉంటాయి. అదే పిల్లలు పై తరగతుల్లో విద్యుదయస్కాంత తరంగాల పాఠం చదువుతారు. బడిలో నేర్చుకున్నది పరీక్షలో రాసి, ఇంట్లో విన్నది మనసులో నమ్మితే ఆ పాఠం మార్కులకే పనికొస్తుంది. ఈ రెండింటినీ కలపగలిగేది మీరే. అందుకు మీరు సైన్స్ చదివి ఉండనక్కర్లేదు. ఏ వార్త వచ్చినా మూడు ప్రశ్నలు అడగడం అలవాటు చేస్తే చాలు. సెల్ టవర్‌నే ఉదాహరణగా తీసుకుందాం.

మొదటి ప్రశ్న: అసలు ఎవరు, ఏమన్నారు?

"ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది" అని చాలామంది అంటారు. ఇందులో కొంత నిజం ఉంది. ఆ సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011 మేలో రేడియో తరంగాలను '2బి' వర్గంలో చేర్చింది. క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం ఉండొచ్చు, కానీ ఆధారాలు పరిమితం అని దాని అర్థం. ఈ వర్గాలు ఆధారం ఎంత గట్టిదో చెబుతాయి, ప్రమాదం ఎంత పెద్దదో చెప్పవు. పొగాకు, ఎండ రెండూ ఒకటో వర్గంలోనే ఉన్నాయి. అంతమాత్రాన ఎండలో ఆడుకోవడం, సిగరెట్ కాల్చడం సమానమని ఎవరూ అనరు. 2బి జాబితాలో ఆసియా సంప్రదాయ పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా ఉన్నాయి. (కంగారు పడకండి, అది మన ఆవకాయ గురించి కాదు. తూర్పు ఆసియా దేశాల్లో ఊరబెట్టే పద్ధతి గురించి.)

ఆ తర్వాత ఏం తేలిందన్నదీ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరిక మేరకు పరిశోధకులు 63 అధ్యయనాలను పరిశీలించి 2024లో ఒక సమీక్ష ప్రచురించారు. మొబైల్ వాడకానికీ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని అందులో తేలింది. పాత వార్త ఎంత తిరిగిందో ఈ కొత్త వార్త అంత తిరగలేదు. భయపెట్టే వార్తకు కాళ్లెక్కువ.

రెండో ప్రశ్న: ఎంత? ఎంత దూరంలో?

'రేడియేషన్' అనే ఒక్క మాటలో ఎక్స్-రే, ఎండ, బల్బు వెలుగు, ఫోన్ సిగ్నల్ అన్నీ ఇమిడిపోతాయి. ఎక్స్-రేకు కణాల్లోని అణువుల బంధాలను తెంచే శక్తి ఉంది. ఫోన్ తరంగాల పౌనఃపున్యం మన కంటికి కనిపించే వెలుతురు కన్నా కూడా వేల రెట్లు తక్కువ. వాటికి ఆ బంధాలను తెంచే శక్తి లేదు. మోతాదు బాగా ఎక్కువైతే శరీరాన్ని వేడెక్కించగలవు. అందుకే ప్రభుత్వాలు పరిమితులు పెడతాయి. మన దేశం 2012లో టవర్లకు అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును నిర్ణయించింది. మీ దగ్గరి టవర్ మీద అనుమానం ఉంటే టెలికాం శాఖ వారి 'తరంగ్ సంచార్' పోర్టల్‌లో వివరాలు చూడవచ్చు, రుసుము కట్టి కొలతలు తీయించమని కోరవచ్చు.

ఇక దూరం సంగతి. దూరం రెట్టింపైతే తరంగాల తీవ్రత సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. టవర్ ఎన్నో మీటర్ల దూరంలో ఉంటుంది, ఫోన్ చెవికి ఆనుకుని ఉంటుంది. పైగా సిగ్నల్ బలహీనంగా ఉన్నచోట ఫోన్ టవర్‌ను అందుకోవడానికి ఎక్కువ శక్తితో ప్రసారం చేస్తుంది. అంటే టవర్‌ను ఊరవతలికి పంపించేస్తే మన తల పక్కనున్న ఫోనే ఎక్కువ కష్టపడాల్సి వస్తుంది! ఈ ఒక్క సంగతి పిల్లలతో చర్చించి చూడండి, వాళ్ల కళ్లు పెద్దవవుతాయి.

మూడో ప్రశ్న: మరో కారణం ఉండొచ్చా?

2018లో వచ్చిన రజనీకాంత్ సినిమా '2.0' మీ పిల్లలు టీవీలో చూసే ఉంటారు. సెల్‌ఫోన్ల వల్ల పక్షులు చనిపోతున్నాయన్నదే ఆ కథకు ఆధారం. టవర్లు పెరిగాయి, పిచ్చుకలు కనబడటం లేదు కాబట్టి టవర్లే కారణం అనిపించడం సహజం. కానీ రెండు మార్పులు ఒకే కాలంలో వచ్చినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. దేశంలోని పక్షుల స్థితిపై 2020లో వచ్చిన నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగానే ఉంది. హైదరాబాద్‌తో సహా పెద్ద నగరాల్లో మాత్రం తగ్గింది. పెంకుటిళ్ల చూరులు పోయి గాజు గోడలొచ్చాయి. పిచ్చుక పిల్లలకు ఆహారమైన పురుగులూ తగ్గాయి. ఇలాంటి కారణాలను ముందు పరిశీలించాలి.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

1. ఆదివారం ఒక సైన్స్ వార్తనో, ఫార్వర్డ్ మెసేజ్‌నో పిల్లలనే ఎంచుకోమనండి. దాన్ని గట్టిగా చదివించండి.

2. పై మూడు ప్రశ్నలకూ జవాబులు నోట్‌బుక్‌లో రాయించండి. దొరకని జవాబు దగ్గర "ఇంకా తెలియదు" అని రాయమనండి. అది తప్పు జవాబు కాదు.

3. చిన్న తరగతుల పిల్లలైతే చీకటి గదిలో టార్చిలైటును గోడకు దగ్గరగా, తర్వాత దూరంగా పట్టుకోమనండి. దూరం పెరిగేకొద్దీ వెలుగు పరుచుకుని ఎలా పలచబడుతుందో వాళ్లకే తెలుస్తుంది.

4. "నాన్నా, అది నిజం కాదేమో" అని పిల్లలంటే ఎదురు చెప్పారనుకోకండి. "ఎలా చెప్పగలవు?" అని అడిగి, పూర్తిగా వినండి.

చివరిగా ఒక మాట. టవర్ గురించి మనం గంటలకొద్దీ వాదిస్తాం. కానీ అన్నం తినడం లేదని అదే ఫోన్‌ను పసివాళ్ల చేతిలో పెడతాం. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలు కదలకుండా కూర్చుని స్క్రీన్ చూసే సమయం రోజుకు గంట దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. పెద్ద పిల్లల విషయంలోనూ నిద్ర, ఆట, మాటలు ఫోన్ వల్ల తగ్గిపోతున్నాయా అన్నది మనం రోజూ కళ్లారా చూసి తేల్చుకోగల సంగతి. ఈ రాత్రి పడుకునే ముందు మీ ఇంట్లో ఫోన్లు ఏ గదిలో ఉండాలో పిల్లలతో కలిసి కూర్చుని నిర్ణయించండి.